కూర మధ్యకు, అన్నం పక్కకు: తెలుగు వంటింట్లో పిండిపదార్థం తగ్గించుకోవడం

మా నాన్నది తాడేపల్లిగూడెం దగ్గర వరి వ్యవసాయం. ఏటా కోతలు, నూర్పిళ్లు అయ్యాక కొత్త బియ్యం బస్తాలు మా ఇంటికి వస్తాయి. ఎవరైనా గడపలో అడుగుపెడితే "అన్నం తిన్నారా?" అని పలకరించే ఇంట్లో పుట్టి పెరిగాను. అన్నం తగ్గించడమంటే నాన్న చెమటను తోసిపుచ్చినట్టు అనిపించి చాలా కాలం ఆ ఆలోచనే చేయలేదు. నలభై తొమ్మిదో ఏట 78.4 కిలోల బరువుతో, మూడు నెలల చక్కెర సగటు (హెచ్‌బీఏ1సీ) 6.1 శాతం అని రిపోర్టు వచ్చినప్పుడు ఇక వాయిదా వేయడం కుదరలేదు. నా ఎత్తు 157 సెంటీమీటర్లు. ఎనిమిది నెలల్లో 67.2 కిలోలకు వచ్చాను. నడుము కొలత 98 సెంటీమీటర్ల నుంచి 87కు, ఆ 6.1 కాస్తా 5.6కు దిగాయి. హైస్కూల్లో లెక్కలు చెబుతాను కనుక ప్రతి అంకెనూ నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ పుస్తకం దగ్గర పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ఇది నా రెండో ప్రయత్నం. మొదటిది 2018లో. అప్పట్లో రెండు రాష్ట్రాల్లోనూ ఎక్కడ చూసినా కొబ్బరి నూనె, నిమ్మకాయలతో బరువు తగ్గే పద్ధతి మాటే. మా వీధిలో చేసినవాళ్లను చూసి నేనూ ఒక్కరోజులో అన్నం, పప్పు, పాలు అన్నీ మానేశాను. పందొమ్మిది రోజులు నిలబడ్డాను. నాలుగు కిలోలు తగ్గి, రెండు నెలల్లో ఐదు కిలోలు పెరిగాను. సంకల్పం లేకపోవడమే కారణమని చాలాకాలం బాధపడ్డాను. అసలు కారణం నా వంటింట్లో ఉందని రెండోసారి గానీ తెలియలేదు.

మన భోజనం అమరిక వేరు. కూరన్నం, పప్పన్నం, చారన్నం, పెరుగన్నం. నాలుగు వాయిలు. కూర, పప్పు, పచ్చడి, పొడి, చారు ఇవన్నీ అన్నంలో కలుపుకోవడానికి వండుతాం. కాబట్టి వాటిలో ఉప్పు, కారం, పులుపు అన్నానికి సరిపడేలా వేస్తాం. అన్నం తీసేసి అవే కూరలు గిన్నెలో వేసుకుని తింటే నాలుక మండుతుంది, దాహం వేస్తుంది, నాలుగు ముద్దలకే చాలనిపిస్తుంది. కడుపు మాత్రం నిండదు. రాత్రి పదింటికి ఆకలి వేసి బిస్కెట్ల డబ్బా తీస్తాం. అన్నం తగ్గించాలంటే ముందు కూర మారాలి.

ముందు రక్తపరీక్షలు

డాక్టరుతో మాట్లాడకుండా ఎవరు మొదలుపెట్టకూడదో ముందు చెప్పాలి. మా చెల్లెలికి మధుమేహం ఉంది, గ్లిమిపిరైడ్ మాత్ర వాడుతోంది. నన్ను చూసి, నాకు కూడా చెప్పకుండా, మాత్ర అలాగే వేసుకుంటూ అన్నం, టిఫిను తగ్గించేసింది. నాలుగో రోజు పదకొండు గంటలకు కూరగాయల బజారులో చెమటలు పట్టి కూలబడిపోయింది. పక్క దుకాణంవాళ్లు పంచదార నీళ్లు తాగించి ఆస్పత్రికి తీసుకెళ్లారు. అప్పటికి చక్కెర 58. మాత్ర చక్కెరను దించుతూనే ఉంది, తిండి నుంచి రావాల్సిన పిండిపదార్థం (కార్బోహైడ్రేట్) రాలేదు. ఇన్సులిన్ తీసుకునేవారికీ ఇదే ప్రమాదం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మధుమేహం మాత్రలు వాడేవారికి మరో రకం ముప్పు ఉంది. పిండిపదార్థం బాగా తగ్గిస్తే చక్కెర పెద్దగా పెరగకపోయినా రక్తం ఆమ్లంగా మారే స్థితి రావచ్చు. రక్తపోటు మాత్రల మోతాదు కూడా బరువు తగ్గేకొద్దీ మార్చాల్సి రావచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా మొదలుపెట్టవద్దు. మా చెల్లెలు తర్వాత డాక్టరు చేత మోతాదు తగ్గించుకుని, నెమ్మదిగా, క్షేమంగా చేసింది.

మాత్రలేవీ లేనివారు కూడా మొదలుపెట్టే ముందు మూడు నెలల చక్కెర సగటు, కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలని నా సలహా. మూడు నెలల తర్వాత పోల్చి చూసుకోవడానికి ఒక మొదటి అంకె ఉండాలి కదా. నడుమును బొడ్డు దగ్గర టేపుతో కొలిచి రాసుకోండి. మన దేశంలో ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్త పడాలంటారు. కాటా మీద బరువు కదలని వారాల్లో నాకు ధైర్యం చెప్పింది ఆ టేపే.

పాత రోజును కాగితం మీద పెట్టండి

ఏదీ మార్చకుండా మూడు రోజులు తిన్నది తిన్నట్టు రాయండి. ఐదు వందల రూపాయల లోపు ఒక చిన్న డిజిటల్ కాటా దొరుకుతుంది, అది కొనండి. బియ్యం వండకముందు తూచండి. ఉడికాక నీళ్లు ఎంత పట్టాయో ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది, పచ్చి తూకం మాత్రం మారదు. నూరు గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఇలాంటి అంకెలన్నీ హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో ఉన్నాయి. నా లెక్కలకు ఆధారం అవే.

నా పాత రోజు ఇలా తేలింది. రెండు చెంచాల పంచదారతో రెండు కాఫీలు, పాలతో కలిపి 30 గ్రాములు. నాలుగు ఇడ్లీలు 40. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యం, అంటే 117. సాయంత్రం నాలుగు బిస్కెట్లు 20. రాత్రి 100 గ్రాముల బియ్యం 78. పడుకునే ముందు అరటిపండు 25. పప్పు, కూరలు అన్నీ కలిపి మరో 25. మొత్తం 335 గ్రాములు. అందులో 195 ఒక్క అన్నానివే. నేను అతిగా తినే మనిషిని కాను. మా ఊళ్లో నాకన్నా ఎక్కువ తినేవాళ్లే ఎక్కువ. అయినా సగానికి పైగా ఒకే గింజ నుంచి వస్తోందని ఆ కాగితం చూశాకే అర్థమైంది. మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని ఆ పోషకాహార సంస్థే 2024లో సూచించింది.

రోజుకు 130 గ్రాముల లోపు పిండిపదార్థం తీసుకుంటే దాన్ని తక్కువ పిండిపదార్థ ఆహారం అంటారు. 50 లోపు అయితే కీటో. నేను కీటో వైపు వెళ్లలేదు. ఇంట్లో ఐదుగురికి వండే మనిషి, పప్పు, పెరుగు వదలలేని మనిషి, నెలల తరబడి 50 లోపు ఉండటం చాలా కష్టం. 130 అనే గీత గీసుకుని, దాని కింద ఉండటానికి ప్రయత్నించాను.

ఇందులో మంత్రమేమీ లేదని కూడా తెలుసుకుని మొదలుపెట్టడం మంచిది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టు చేత కొవ్వునూ మరో జట్టు చేత పిండిపదార్థాన్నీ తగ్గింపజేసి ఏడాది పాటు గమనించారు. 2018లో ఫలితం ప్రకటించారు. కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా చెప్పుకోదగ్గది కాదని తేల్చారు. రెండు జట్లకూ పంచదార, మైదా తగ్గించి కూరగాయలు పెంచమనే చెప్పారు. మరి నేను ఈ దారే ఎందుకు పట్టాను? మన పళ్లెంలో అదనంగా ఉన్నది పిండిపదార్థం, కొరతగా ఉన్నది ప్రొటీన్. ఒకటి తగ్గించి రెండోది పెంచితే ఆకలి అదుపులోకి వచ్చింది. తిండి తగ్గినట్టు తెలియకుండానే తగ్గింది.

కూరను మళ్లీ వండటం

నాకు ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. పక్కన నిలబడి చూపిస్తున్నట్టు చెబుతాను.

ముందు పరిమాణం. ఇంతకుముందు మా ఇంట్లో ఐదుగురికి ముప్పావు కిలో బీరకాయలు సరిపోయేవి. ఇప్పుడు నా ఒక్కదానికే పూటకు పావు కిలో కూరగాయలు కావాలి. వారానికి కూరగాయల ఖర్చు పెరుగుతుంది, అది ముందే లెక్కవేసుకోండి. బీర, సొర, పొట్ల, దోస, కాకర, దొండ, బెండ, వంకాయ, క్యాబేజీ, కాలీఫ్లవర్, చిక్కుడు, మునగకాడలు, ఆకుకూరలన్నీ ధైర్యంగా తినవచ్చు. బంగాళాదుంప, చిలగడదుంప, చామ, కంద, అరటికాయ మాత్రం కూర రూపంలో ఉన్న అన్నమే అనుకోండి.

తర్వాత ఉప్పు, కారం. ఒక్కసారిగా సగం చేస్తే ఇంట్లోవాళ్లు తినరు. నేను పట్టిన పద్ధతి ఇది. కూర ముక్కలు మగ్గాక, కారం వేయకముందే నా వాటా వేరే గిన్నెలోకి తీసేస్తాను. మిగతావాళ్లకు మామూలుగా ఉప్పు, కారం వేస్తాను. నా గిన్నెలో అందులో సగం ఉప్పు, పావు వంతు కారం, పైన ఒక చెంచా నువ్వుల పొడి గానీ వేయించి దంచిన పల్లీల పొడి గానీ చల్లుతాను. ఒకే పొయ్యి, ఒకే మూకుడు. వేరే వంట వండుకోవాల్సిన అవసరం లేదు. రెండు పూటలా వేరే వంట చేసుకునే ఓపిక ఎవరికీ ఎక్కువ రోజులు ఉండదు. నన్ను 2018లో పడగొట్టిన కారణాల్లో అదొకటి.

కొన్ని కూరలు అన్నం లేకుండా తింటేనే మరింత బాగుంటాయని తెలిసి ఆశ్చర్యపోయాను. బీరకాయ కోడిగుడ్డు పొరుటు వాటిలో మొదటిది. పావు కిలో లేత బీరకాయలు చెక్కు తీసి చిన్న ముక్కలు చేసి, రెండు చెంచాల నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చితో మగ్గనిచ్చి, నీరంతా ఇగిరిపోయాక రెండు గుడ్లు కొట్టిపోసి కదపకుండా ఒక నిమిషం ఉంచాలి. తర్వాత అట్లకాడతో పెద్ద పెద్ద ముక్కలుగా తిప్పితే గుడ్డు మెత్తగా ఉంటుంది. మిరియాల పొడి వేస్తే చాలు. సొరకాయ రొయ్యలు, మెంతికూర కోడి, తోటకూర పొడికూర కూడా అంతే. చేపల పులుసు తినవచ్చు, అందులో బెల్లం వేయకండి. నేను పులుసు పల్చన చేసి, ముక్కలు ఎక్కువ వేసుకుని, చారు తాగినట్టు తాగుతాను.

పప్పు విషయంలో చాలామంది పొరబడతారు. కందిపప్పులో ప్రొటీన్ నూటికి 21 గ్రాముల పైన ఉన్నా, పిండిపదార్థం 55 గ్రాములు ఉంది. అలాగని మానేయనవసరం లేదు. పూటకు 30 గ్రాముల పప్పు తూచి, దానికి ఐదింతలు పాలకూరో గోంగూరో చుక్కకూరో వేసి గట్టిగా వండితే గిన్నె నిండా వస్తుంది, పిండిపదార్థం 17 గ్రాముల దగ్గర ఆగుతుంది.

చారన్నం మానుకోవడం నాకు బాధ కలిగించింది. ఇప్పుడు మిరియాల చారు స్టీలు గ్లాసులో పోసుకుని వేడివేడిగా తాగుతాను. భోజనం మొదట్లోనే తాగితే ఆకలి దూకుడు తగ్గుతుంది.

టిఫినుకు ఇడ్లీ, దోశ, ఉప్మాల స్థానంలో పెసరట్టు పెట్టుకున్నాను. పొట్టు పెసలు 40 గ్రాములు నానబోసి, బియ్యం కలపకుండా రుబ్బితే ఒక పెద్ద అట్టు వస్తుంది. పిండిపదార్థం 20 గ్రాముల లోపే. దానిమీద ఒక గుడ్డు కొట్టి పరిస్తే మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆకలి వేయదు. ఇక అల్లం పచ్చడి. మా వైపు అందులో బెల్లం బాగా వేస్తాం. నేను బెల్లం లేకుండా, కొబ్బరి కలిపి చేస్తున్నాను.

ఇప్పుడు అన్నం సంగతి. మధ్యాహ్నానికి 40 గ్రాముల బియ్యం, అంటే ఉడికాక ఒక చిన్న గిన్నెడు. దాన్ని నాలుగు వాయిలకూ పంచితే దేనికీ చాలదు, ప్రతి వాయిలోనూ లోటే తెలుస్తుంది. ఆ నాలుగింటిలో మీకు ప్రాణమైనది ఏదో తేల్చుకుని, ఉన్న అన్నమంతా దానికే కేటాయించండి. నాకు పెరుగన్నం. కూర, పప్పు గిన్నెలో చెంచాతో తింటాను. చివర గిన్నెడు అన్నంలో గట్టి పెరుగు, ఆవకాయ ముక్క ఒకటి. భోజనం ముగిసిన తృప్తి అక్కడే వస్తుంది. మా మరిది కూడా నన్ను చూసి మొదలుపెట్టాడు. ఆయన తన అన్నమంతా పప్పు, నెయ్యికి పెట్టుకుని పెరుగు విడిగా తాగుతాడు.

ఇలా మార్చాక నా రోజు: పంచదార లేని రెండు కాఫీలు 10 గ్రాములు, పెసరట్టు 20, మధ్యాహ్నం అన్నం 31, కూర 12, పప్పు 17, పెరుగు 4, సాయంత్రం 30 గ్రాముల పల్లీలు 5, చిన్న జామకాయ 10, రాత్రి గుడ్లో చేపో కోడో కూరగాయలతో కలిపి 12, మజ్జిగ 3. మొత్తం 124. ప్రొటీన్ 70 గ్రాముల దగ్గర ఉంటుంది. శనివారాలు, కార్తిక మాసం మా ఇంట్లో నీసు వండరు. అప్పుడు పనీరు, మీల్ మేకర్ వాడతాను. మీల్ మేకర్ నూటికి 50 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉన్న సరుకు. వేడినీళ్లలో నానబెట్టి, రెండుసార్లు గట్టిగా పిండి, గోంగూరతో వండితే ఆ పచ్చి వాసన పూర్తిగా పోతుంది.

మొదటి పది రోజులు

మొదటి వారంలో నేను 1.9 కిలోలు తగ్గాను. దానికి పొంగిపోవద్దు. శరీరం పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా దాచుకున్నప్పుడు ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని కూడా పట్టి ఉంచుతుంది. నిల్వ కరిగితే నీరూ పోతుంది. ఆ మొదటి తగ్గుదలలో ఎక్కువ భాగం నీరే. అందుకే పెళ్లి భోజనం చేసిన మర్నాడు కాటా ఒక కిలో ఎక్కువ చూపిస్తే కూడా భయపడనక్కర్లేదు.

నీటితో పాటు ఉప్పు కూడా పోతుంది. మూడో రోజు నుంచి నాకు తలనొప్పి, కాళ్లు లాగడం, బడిలో నాలుగో పీరియడ్ వచ్చేసరికి నీరసం. రక్తపోటు లేదు కనుక చిటికెడు ఉప్పు వేసిన పల్చని మజ్జిగ రోజుకు రెండు గ్లాసులు తాగాను. రెండు రోజుల్లో సర్దుకుంది. రక్తపోటు ఉన్నవారు ఉప్పు పెంచే ముందు డాక్టరును అడగాలి. మలబద్ధకం రెండో వారంలో వచ్చింది. అవిసె గింజల పొడి ఒక చెంచా, రాత్రి కూరలో ఆకుకూర, నీళ్లు కాస్త ఎక్కువ. అంతకు మించి మందేమీ వాడలేదు.

మంచి పేరున్న పిండిపదార్థాలు

కొర్రలు, జొన్నలు, రాగులు తింటే ఎంతైనా తినవచ్చని నమ్మి నష్టపోయిన వాళ్లను నా చుట్టూ చాలామందిని చూశాను. సిరిధాన్యాలు మంచివే. పీచు, ఖనిజాలు బియ్యంలో కన్నా ఎక్కువ. కానీ పిండిపదార్థం నూటికి 60 నుంచి 68 గ్రాముల దాకా ఉంటుంది. ఒక్కోటి నలభై గ్రాముల పిండితో చేసిన రెండు జొన్నరొట్టెల్లో పిండిపదార్థం 54 గ్రాములు. అది 70 గ్రాముల బియ్యంతో సమానం. అన్నం మానేశానన్న ధీమాతో మూడు రొట్టెలు తింటే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. మీకు రొట్టె ఇష్టమైతే ఆ రోజు అన్నం గిన్నె బదులు ఒక రొట్టె తినండి. రెండూ వద్దు.

బెల్లం, తేనె కూడా పంచదార కుటుంబమే. పంచదార లేదని రాసిన బిస్కెట్ పాకెట్‌ను తిప్పి చూస్తే వెనుక గోధుమపిండో మైదానో ఉంటుంది. పండ్ల రసాలు వద్దు. పండు కావాలంటే జామ, బొప్పాయి కొద్దిగా. మామిడి కాలంలో నేను బంగినపల్లి రెండు ముక్కలు తిన్నాను, ఆ రోజు మధ్యాహ్నం అన్నం తీసుకోలేదు. ఏడాదికి రెండు నెలలు దొరికే పండును పూర్తిగా వదులుకోమని నేను ఎవరికీ చెప్పను.

కాటా కదలనప్పుడు

వారానికి ఒక్కసారే, ఆదివారం ఉదయం, కాఫీకి ముందు బరువు చూసుకునేదాన్ని. ఏడో వారం నుంచి పదో వారం దాకా 73 దగ్గరే ఆగిపోయింది. నిరాశ పడ్డాను. ఒకరోజు సాయంత్రం పల్లీలు గుప్పిట్లో తీసుకుని, తినకుండా కాటా మీద పోశాను. రెండు గుప్పిళ్లు కలిపి 80 గ్రాములు. పిండిపదార్థం తక్కువే కానీ 450 కేలరీలు. ఒక పూట భోజనం నాకు తెలియకుండా రోజూ అదనంగా తింటున్నాను. నూనె కూడా అంతే. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు, వేపుడులో అలాంటివి మూడు ఇట్టే పడతాయి. పల్లీలను 30 గ్రాముల చొప్పున ఏడు చిన్న డబ్బాల్లో ఆదివారమే పోసి పెట్టుకున్నాను. నూనెను సీసాతో వంపడం మానేసి చెంచాతో కొలిచాను. పదకొండో వారం 72.3.

కొవ్వు గురించి ఇంకో మాట. మొదటి మూడు నెలలూ అన్నం తగ్గింది కదా అని నెయ్యి, కొబ్బరి పాలు ధారాళంగా వాడాను. మూడో నెల పరీక్షలో చెడు కొలెస్ట్రాల్ 118 నుంచి 146కు పెరిగింది. అందరికీ ఇలా పెరగదు, కానీ పరీక్ష చేయించకపోతే నాకు తెలిసేదే కాదు. నెయ్యి రోజుకు ఒక చెంచాకు కుదించి, వారానికి మూడుసార్లు చేప, నువ్వుల నూనె, పల్లీ నూనె వాడుకకు మారాను. ఎనిమిదో నెలకు 121. బరువు ఒక్కటే చూసుకుంటూ పోయేవారికి ఈ సంగతి గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

నడక రోజుకు నలభై నిమిషాలు. వారానికి మూడు రోజులు ఇంట్లోనే కుర్చీలో కూర్చుని లేవడం, నీళ్ల సీసాలతో చేతుల వ్యాయామం. బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా ఉండటానికి ఇది అవసరం.

ఇల్లు, పెళ్లిళ్లు, పండుగలు

మొదటి వారం మా అత్తగారు పళ్లెం దగ్గర కూర్చుని, "అన్నం లేకుండా ఎలా ఉంటావమ్మా, పిల్లలకు చదువు చెప్పే మనిషివి, కడుపు మాడ్చుకోకు" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వాదించలేదు. "అత్తయ్యా, కడుపు మాడ్చుకోవడం లేదు, చూడండి" అని నా గిన్నె ఆమె ముందు పెట్టాను. పావు కిలో కూర, గిన్నెడు పప్పు, గుడ్లు, పెరుగు చూసి ఆమె మనసు కుదుటపడింది. ఇప్పుడు బీరకాయలు తరిగి పెట్టేది ఆవిడే. ఇంట్లో ఎవరైనా అడ్డు చెబితే మీరు ఏం మానేశారో కాదు, ఏం తింటున్నారో చూపించండి. పిల్లల మీద మాత్రం ఈ పద్ధతి రుద్దకండి. ఎదిగే పిల్లలకు అన్నం కావాలి, మా ఇద్దరు పిల్లలకూ మామూలుగానే పెడుతున్నాను.

పెళ్లి భోజనాలకు వెళ్లే ముందు ఇంట్లో రెండు గుడ్లో గ్లాసు మజ్జిగో తీసుకుంటాను. ఆకలితో విస్తరి ముందు కూర్చుంటే నిర్ణయాలు నిలబడవు. వడ్డించేవారికి "అన్నం కొంచెం, కూర ఎక్కువ" అని మొదటే చెబితే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. సంక్రాంతికి అమ్మ చేసిన అరిసె ఒకటి తిన్నాను, ఉగాది పచ్చడి తాగాను, వినాయక చవితికి ఉండ్రాళ్లు రెండు తిన్నాను. పుస్తకంలో రాసుకున్నాను. తర్వాతి పూట మళ్లీ నా గిన్నె. తప్పు చేశానని మర్నాడు ఉపవాసం ఉండటం, "ఎలాగూ పోయింది కదా" అని వారమంతా తినడం, ఈ రెండూ చేయలేదు.

అన్నం మళ్లీ పెంచుకోవడం

బరువు అనుకున్న చోటికి వచ్చాక పాత పళ్లేనికి ఒక్కరోజులో తిరిగి వెళ్లకండి. 2018లో నేను చేసిన రెండో పొరపాటు అదే. ఈసారి వారానికి పది గ్రాముల బియ్యం చొప్పున పెంచుతూ, ప్రతి ఆదివారం బరువు చూస్తూ వచ్చాను. 70 గ్రాముల దగ్గర బరువు నిలకడగా ఉంది. 80 పెట్టిన రెండు వారాలూ అరకిలో చొప్పున పెరిగాను. వెంటనే 70కి దిగాను. మీ గీత ఎక్కడుందో మీ కాటాయే చెప్పాలి. రాత్రి అన్నం ఇప్పటికీ లేదు.

ఈ సంక్రాంతికి నాన్న వచ్చినప్పుడు సంగతంతా భయపడుతూనే చెప్పాను. ఆయన రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టి చదివారు. తర్వాతి వారం బస్తాలు మామూలుగానే వచ్చాయి, ఒకటి తక్కువ. దాని స్థానంలో గట్టు మీద వేసిన కందులు, పెసలు ఒక మూట కట్టి పంపారు.